బాపమ్మ సర్వప్పకు కొలతలేవి?

దుబాయ్ నుంచి మా బాపు పంపే వాయిస్ మెసేజ్‌లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. తిన్నవా, కాలేజీకి పోయినవా, బాపమ్మ గోళీలు వేసుకుందా... అంతే. పోయిన నెల మాత్రం ఒకటి కొత్తగా వచ్చింది. "బిడ్డా, సర్వప్పకు పిండి ఎంత, నీళ్లెన్ని, బాపమ్మను అడిగి రాసి పంపు. ఈడ రూంల చేసుకుంట."

అడగడం తేలికే. జవాబు రాబట్టడమే కష్టం. "ఎంతేంది బిడ్డా? సరిపోను పోసుడే" అంది బాపమ్మ.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సర్వ అంటే అడుగు గుండ్రంగా ఉండే గిన్నె. దాని లోపలి గోడకు బియ్యప్పిండి ముద్దను పలచగా ఒత్తి, నూనె పోసి, మూత పెట్టి కాలిస్తే సర్వప్ప. చాలామంది సర్వపిండి అంటారు, కొన్ని ఇళ్లల్లో గిన్నప్ప. ఆంధ్ర వైపు తపాల చెక్క అంటే దీని చుట్టమే. మా ఊరు జగిత్యాల దగ్గర. 2016లో జగిత్యాల వేరే జిల్లా అయింది కానీ, బాపమ్మ లెక్కలో మేమింకా కరీంనగర్ జిల్లాలోనే ఉన్నాం.

అసలు సంగతి ఏంటంటే, మా ఇంట్లో సర్వప్ప చేసి ఏడాది దాటింది. పోయిన ఎండాకాలం బాపమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట మిగిలింది. ఆ వంటంతా ఆ చేతిలోనే ఉండేదని అప్పటిదాకా మాకెవరికీ తోచలేదు. అమ్మను అడిగితే, "అత్తమ్మ ఉండంగ నేనెప్పుడు ఆ సర్వ ముట్టుకున్న?" అంది.

సకినాలైతే ఈ గొడవే లేదు. మా వైపు నుంచి గల్ఫ్ పోయేవాళ్ల బ్యాగుల్లో మామిడి తొక్కు, సకినాలు తప్పకుండా ఉంటాయి. సకినాలు నూనెలో కరకరలాడేలా కాలతాయి, లోపల తడి ఉండదు. డబ్బా మూత గట్టిగా పెడితే వారాల తరబడి ఆగుతాయి. సర్వప్ప అట్లా కాదు. పైన కరకర, లోపల మెత్తన. మరునాటికి గట్టిపడుతుంది, ఆ తర్వాత దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. విమానంలో పంపేది కాదది. అక్కడే చేసుకోవాలి. చేసుకోవాలంటే కొలత కావాలి.

ఒక ఆదివారం బాపమ్మ మంచాన్ని వంటింటి గడప దగ్గరికి జరిపాను. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశాను. కొలతలు అడగడం మానేసి, బంగారం దుకాణంలో ఉండేలాంటి చిన్న డిజిటల్ కాంటా ముందు పెట్టుకున్నాను. ఆమె "పొయ్యి... ఇంకింత... చాలు" అంటుంది, నేను పోసి తూకం చూస్తాను. బియ్యప్పిండి అర కిలో. కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు 60 గ్రాములు, నువ్వులు 40. గంటసేపు నానిన శనగపప్పు గుప్పెడు. దంచిన ఎల్లిగడ్డ, జీలకర్ర, కారం, ఉప్పు, కల్యమాకు, సన్నగా తరిగిన ఉల్లాకు. ఉల్లాకు విషయంలో మాత్రం "ఎంతేస్తే అంత రుచి" అని చెయ్యి ఊపేసింది, ఎడమ చెయ్యి.

నీళ్ల దగ్గర తప్పు చేశాను. చపాతీ పిండిలా గట్టిగా కలిపాను. సర్వకు ఒత్తితే అంచులు పగిలాయి. బాపమ్మ నవ్వి, "నీ చెవి తమ్మె పట్టుకొని చూడు. గట్లుండాలె పిండి" అంది. చెవి పట్టుకుంటూ, పిండి పట్టుకుంటూ నీళ్లు పోస్తూ పోతే 350 మిల్లీలీటర్ల దగ్గర రెండూ ఒక్కటయ్యాయి. మీ పిండి కొత్త బియ్యానిదైతే నీళ్లు కొంచెం తగ్గించండి.

సర్వకు నూనె రాసి, ముద్దను అడుగు నుంచి పైకి పలచగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడ తూట్లు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేయాలి. నూనె పిండి కిందికి దిగడానికే ఆ తూట్లు. మూత పెట్టి సన్నమంట. తిప్పేసి రెండో వైపు కాల్చే పని లేదు, పైవైపు ఆవిరికే ఉడుకుతుంది.

ఎంతసేపు? మళ్లీ అదే జవాబు వస్తుందనుకున్నా. కానీ బాపమ్మ, "చప్పుడు ఇను" అంది. నిజంగానే మొదట చిటపట గట్టిగా ఉంది. పిండిలో నీరు తగ్గేకొద్దీ చప్పుడూ తగ్గింది. నేను మూత తీసి చూద్దామనుకునేలోపే గడప అవతల నుంచి "ఇగ దించు" అని వినిపించింది. గడియారం చూస్తే పన్నెండు నిమిషాలు. అంచులు వాటంతటవే సర్వను వదిలేశాయి.

రెండోది ఒత్తబోతే చెయ్యి కాలింది. వేడి సర్వకు తగలగానే పిండి ముడుచుకుపోయి, పరుచుకోదు. సర్వను బోర్లించి వీపు మీద నీళ్లు పోయాలట. పోస్తే సుయ్యిమంది. నేను చూసిన రీల్స్‌లో ఒక్కరూ ఈ ముక్క చెప్పలేదు. ఒకప్పుడు ఇంట్లో రెండు సర్వలు ఎందుకుండేవో ఇప్పుడర్థమైంది, ఒకటి చల్లారేలోపు ఇంకోటి.

ఇదంతా చూస్తున్న అమ్మకు హుషారొచ్చింది. ఆమెది ఆదిలాబాద్ జిల్లా, ఉట్నూరు వైపు. అక్కడ జొన్నరొట్టెదే రాజ్యం. గోధుమపిండిలో ఉండే సాగే గుణం జొన్నపిండికి లేదు, అందుకే మసిలే నీళ్లు పోసి కలుపుతారు. ఇక ఎండాకాలం తెల్లారుజామున చెట్ల కింద రాలిన ఇప్పపువ్వు ఏరుకొచ్చి ఎండబెట్టడం గోండుల ఇళ్లల్లో ఏటా ఉండే పని. ఇప్పుడు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఆ పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. 2025 మార్చిలో ప్రధాని "మన్ కీ బాత్"లో ఆదిలాబాద్ ఇప్పపువ్వు వంటల ప్రస్తావన వస్తే, అమ్మ ఆ క్లిప్‌ను చుట్టాలందరికీ ఫార్వర్డ్ చేసింది. జొన్నరొట్టె కొలతలూ రాసుకోమని ఇప్పుడు నా వెంట పడుతోంది. రాసుకుంటా. వాయిదా వేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను కదా.

బాపుకు కొలతలన్నీ పంపాను, చప్పుడు రికార్డింగ్‌తో సహా. ఆ రూంలో సర్వ లేదు, అడుగు మందంగా ఉన్న గిన్నె వాడమన్నాను. రెండు రోజులకు జవాబొచ్చింది. పక్క రూంలో ఉండే సోమాలియా ఆయన చూసి, తమ ఇంట్లో పొద్దున్నే పోసే "అంజెరో" గురించి చెప్పాడట. పులిసిన పిండితో మన అట్టులా పోస్తారు, దాన్నీ తిప్పకుండా ఒక్క వైపే కాలుస్తారు. ఇద్దరూ సగం సగం తిన్నారట.

దాంతో పాటు ఫొటో కూడా వచ్చింది. నడుమ నల్లగా మాడింది, అంచులు తెల్లగా ఉన్నాయి. నాకైతే బాగానే ఉందనిపించింది. ఫోన్ తీసుకెళ్లి బాపమ్మకు చూపించాను. ఎడమ చేత్తో పట్టుకొని, కళ్లకు దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూసింది.

"మంట ఎక్కువ పెట్టిండు. తూట్లల్ల నూనె పొయ్యలే" అంది. "మల్ల చెయ్యుమను."