ఒక ముగ్గునకు ఇద్దరు

గడచిన సంక్రాంతి పండుగకు మా అక్కగారి కుమార్తె హైదరాబాదునుండి మా యింటికి వచ్చినది. ఆమె మాధాపూరులోని యొక సంస్థలో డిజైనరు. జనులు ఇంటికే మందులు తెప్పించుకొనుటకు వీలుగా ఆ సంస్థవారు సెల్‌ఫోనులో వాడదగిన యాప్ నొకదానిని తయారుచేయుచున్నారు. అందులో ఏ బొత్తాము ఎచ్చట నుండవలెను, అక్షరము లెంత పెద్దవిగా నుండవలెను, ఒకటి నొక్కిన పిదప ఏమి కనబడవలెను అని యోచించి గీయుట ఆమె పని.

భోగినాటి వేకువజామున వాకిట చుక్కలు పెట్టుచున్న ఆ పిల్ల ఉన్నట్లుండి చేయి నిలిపి, "పిన్నీ, పండగ వెళ్లగానే ఉద్యోగం మానేస్తానని చెప్పేస్తాను" అన్నది. మేము ముగ్గుగిన్నె ప్రక్కన పెట్టి కారణ మడిగితిమి. అదే పనిమీద ఆమెతోపాటు ప్రాడక్టు మేనేజరు ఒకరు కలరట. ఆమె గీసిన తెరపై తగ్గింపుధరల ప్రకటనలు మూడు చేర్చవలెనని ఆయన కోరెను. కూడదని ఆమె పట్టుపట్టినది. నెలదినములు వాదము జరిగినది. తుదకు నలుగురి యెదుట ఆయన, "నిర్ణయం నాది, గీయడం మీది" అనెనట. ఆ మాట ఆమెకు ములువలె నాటుకొన్నది. "చెప్పింది గీయడానికేనా పిన్నీ నేను అంత చదువు చదివింది?" అని కన్నీరు పెట్టుకొన్నది.

ఈ యుద్యోగముల సంగతి తెలియని సోదరీమణులకు ఇచ్చట రెండు మాటలు చెప్పవలసియున్నది. ఏ వస్తువు చేయవలెను, ఎవరికొరకు చేయవలెను, ఏది ముందు, ఏది వెనుక, అందువలన సంస్థ నిలుచునా నిలువదా అను విషయములకు పూచీపడువారు ప్రాడక్టు మేనేజరు. ఆ వస్తువు వాడువారి కంటికి, చేతికి, బుద్ధికి ఎట్లందవలెనో నిర్ణయించువారు డిజైనరు. దానిని నిర్మించువారు ఇంజనీర్లు. ఇందలి చిక్కేమనగా, పెక్కు సంస్థలలో మేనేజరు డిజైనరునకు పైయధికారి కాడు. ఇద్దరికిని వేర్వేరు పెద్దలుందురు. కావున ఆజ్ఞాపించు హక్కు లేకయే ఒకరినొకరు ఒప్పించుకొని పని నడుపవలెను. తోడికోడండ్రు కలిసి పెండ్లిపనులు నడుపుటవంటిది.

ఈ మేనేజరు పదవికి మూలము సబ్బుల వ్యాపారములో నున్నదనిన మీకు వింతగా తోచవచ్చును. అమెరికాలోని సిన్సినాటి నగరమున ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థలో 'కామే' అను సబ్బుయొక్క ప్రకటనలను చూచుచున్న నీల్ మెకెల్రాయ్ అను యువకుడు 1931వ సంవత్సరమున మూడు పుటల లేఖ యొకటి వ్రాసెను. ఒక్కొక్క సరకునకు ప్రత్యేకముగా పూచీదారులుండి, దాని మంచిచెడ్డలన్నిటిని కనిపెట్టవలెనని అందలి సారాంశము. ఆ పద్ధతియే కాలక్రమమున కంప్యూటరు సంస్థలకును ప్రాకినది. పూచీ అంతయు తనది, పనిచేయు చేతులు మాత్రము ఇతరులవి. అట్టి స్థితిలో నున్నవానికి తొందరపాటు సహజము. ఆ మేనేజరుగారి మాట మేము సమర్థింపము. కాని ఆ మాట ఎచ్చటనుండి పుట్టినదో తెలిసికొనుట మంచిదని మా పిల్లకు చెప్పితిమి.

పిమ్మట మేము చదివియున్న మాకింటాష్ కంప్యూటరు కథ చెప్పితిమి. ఆపిల్ సంస్థవారు దానిని 1984 జనవరిలో వెలువరించిరి. అందలి బొమ్మలు గీసినది సూసన్ కేర్ అను స్త్రీ. ఆమె న్యూయార్కు విశ్వవిద్యాలయమున కళలలో డాక్టరు పట్టము పొందినది. కంప్యూటరు విద్య ఆమెది కాదు. ఆ బృందములో ఇంజనీరుగా నున్న ఆమె పాఠశాలనాటి స్నేహితుడు ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్, గళ్లకాగితము కొని ఒక్కొక్క గడిని ఒక చుక్కగా భావించి గీయుమని ఆమెకు సూచించెను. అడ్డమునకు 32, నిలువునకు 32, వెరసి 1024 గళ్లు. నలుపు, తెలుపు తప్ప వేరు రంగు లేదు. ఆ కొద్దిపాటి చోటులోనే చెత్తబుట్ట, రంగుడబ్బా, నవ్వుమొగముగల కంప్యూటరు బొమ్మ ఆమె చేతిలో రూపుదిద్దుకొన్నవి. చుక్కలు లెక్కించి ముగ్గులు పెట్టు మనకు ఈ విద్య పరాయిది కాదు.

ఏమి కావలెనో, ఏమి వలదో తేల్చు పని స్టీవ్ జాబ్స్‌ది. ప్రాడక్టు మేనేజరను పేరు ఆయనకు లేకున్నను ఆ భారము ఆయనదే. మీటలపలకమీద ఆజ్ఞలకు గుర్తుగా మొదట ఆపిల్ పండు బొమ్మను వాడిరి. తెరనిండ ఆ పండ్లే కనబడుచుండగా జాబ్స్ కోపించి, సంస్థ ముద్రను చులకన చేయుచున్నారని దానిని తీసివేయించెను. వేరేమి పెట్టవలెనో ఆయన చెప్పలేదు. సూసన్ కేర్ అలుగలేదు, వాదింపను లేదు. గుర్తుల నిఘంటువు నొకదానిని తిరుగవేసి, స్వీడను దేశమున చూడదగిన స్థలములను తెలుపుటకు వాడు గుర్తు నొకదానిని తెచ్చి చూపినది. చతురస్రమునకు నాలుగు మూలల మెలికలు త్రిప్పిన బొమ్మ యది. మన మెలికల ముగ్గులలో మొదట నేర్చునట్టిది. అందరును మెచ్చిరి. నేటికిని ఆ సంస్థవారి మీటలపలకలమీద ఆ గుర్తే యున్నది. 'వలదు' అనుట ఆయన పని, 'మరి యిది' అనుట ఆమె పని. అచ్చట నాయకత్వ మెవరిది? మొదట ఆయనది, పిదప ఆమెది.

ఇంకొక కథ కలదు. క్రిస్ ఎస్పినోసా అను యువకుడు ఆ కంప్యూటరునకు లెక్కలు చేయు చిన్నయంత్రపు బొమ్మ నొకదానిని తయారుచేసెను. జాబ్స్ చూచి గీతలు లావుగా నున్నవనియు, బొత్తాములు పెద్దవిగా నున్నవనియు తప్పులు పట్టెను. మార్చి తెచ్చిన మరునాడు మరికొన్ని తప్పులు. ఇట్లు కొన్నిదినములు గడచిన పిదప ఎస్పినోసా ఒక యుపాయము పన్నెను. గీతల లావు, బొత్తాముల కొలత, వెనుకటి రంగు మున్నగువాని నన్నిటిని చూచువారే మార్చుకొనునట్లు కూర్చి, దానిని జాబ్స్ ముందుంచెను. ఆయన పదినిమిషములు కూర్చుండి తనకు నచ్చినట్లు అమర్చుకొనెను. ఆ రూపమే పెక్కేండ్లు నిలిచినది. మాటలతో తెగని వాదము వస్తువును చేతికిచ్చిన పదినిమిషములలో తెగినది.

మా పిల్ల విని, "ఊరుకుంటే నెత్తినెక్కుతారు పిన్నీ" అన్నది. ఊరకుండు మని మేము చెప్పలేదు. ఆ బృందముననే జోఆనా హాఫ్‌మన్ అను నామె యుండెను. ఆ కంప్యూటరును అమ్ముటకు కావలసిన యోచన అంతయు చాలకాలము ఆమె ఒక్కతయే చేసినది. తెరపై ఏది ఎట్లుండవలెనో తెలుపు నియమముల తొలి చిత్తుప్రతియు ఆమెయే వ్రాసినది. ఆమె వేసిన అమ్మకముల అంచనాలను జాబ్స్ తన యిష్టము వచ్చినట్లు మార్చెనని తెలిసి, ఆయన గదికి పోయి నిలదీసినది. ఆయన విని వెనుకకు తగ్గెను. జాబ్స్‌నకు బాగుగా ఎదురు నిలిచినవారికి ఆ బృందమువారు 1981 మొదలు ఏటేట ఒక బహుమాన మిచ్చుచుండిరి. తొలియేడు అది ఆమెకే దక్కినది. ఆమె ఎదిరించినది తన గౌరవముకొరకు మాత్రమే కాదు, లెక్క తప్పినందువలన. అందుచేతనే ఆ మాట చెల్లినది.

ఆనాటి మధ్యాహ్నము మా అత్తగారు తన రక్తపుపోటు మాత్రలు అయిపోయినవని చెప్పిరి. ఆమెకు డెబ్బదిరెండేండ్లు. మా పిల్ల తన ఫోను ఆమె చేతికిచ్చి, "మామ్మగారూ, ఇందులో మీరే తెప్పించుకోండి చూద్దాం" అన్నది. ప్రకటనలు కూర్చిన నమూనా అందులో నుండెను. మా అత్తగారు కండ్లజోడు సవరించుకొని మొదట కనబడిన ప్రకటనను నొక్కిరి. తలనూనె సీసాలు వచ్చినవి. మా పిల్ల మాకేసి చూచి, "చూశావా పిన్నీ, నే చెప్పలా" అన్నట్లు నవ్వినది. ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు. మాత్రల పేరు దొరకిన పిదప మా అత్తగారు వానిని తీసికొనుట ఎట్లో తెలియక, "ఈ తోపుడుబండి బొమ్మ ఎందుకే? నొక్కితే కూరగాయలవాడు వస్తాడా?" అని యడిగిరి. ఆ బండిబొమ్మ మా పిల్ల గీసినదే. క్రింద మాటలు వ్రాసినచో అందము చెడునని బొమ్మ నొక్కదానినే యుంచినదట. ఆమె మొగము చిన్నబోయినది.

అప్పుడు మరల ఆపిల్ సంస్థ కథయే యొకటి చెప్పితిమి. మాకింటాష్‌కు ముందుగా, 1983లో, ఆ సంస్థవారు లీసా అను కంప్యూటరును వెలువరించిరి. అది తయారగుచుండగా 1981లో క్రొత్తవారిచేత దానిని వాడించి చూచుచుండిరి. 'అట్లే చేయుము' అను నర్థమున ఒక బొత్తాముపై 'డూ ఇట్' అని ఆంగ్లమున వ్రాసియుండిరి. తెరపై ఆ రెండు మాటలు దగ్గరగా నుండుటచే వాడువాడొకడు వానిని 'డోల్ట్' అను ఒకే మాటగా చదివి, ఈ యంత్రము నన్ను మందమతి యని తిట్టుచున్నదేమని చిన్నబుచ్చుకొనెను. అంతకుముందు చులకనమాటయని వారు వలదనుకొన్న 'ఓకే' అను మాటయే తుదకు ఆ చోట నిలిచినది. గదిలోనున్న పండితులెవ్వరికిని తోచని తప్పు బయటినుండి వచ్చినవానికి క్షణములో కనబడినది.

మనకు మయసభ కథ తెలియనిది కాదు. ఇతరులు అనుకరింపలేని సభను ధర్మరాజునకు కట్టుమని శ్రీకృష్ణుడు కోరెను, మయుడు కట్టెను. కోరినవాడు గొప్పవాడే, కట్టినవాడును గొప్పవాడే. కాని అతిథిగా వచ్చిన దుర్యోధనుడు నీటిని నేలయనుకొని అందులో పడెను, చూచినవారు నవ్విరి, ఆ నవ్వునుండి పెరిగిన వైర మెంతవరకు పోయినదో మనమెరుగుదుము. వచ్చువాని యడుగు ఎచ్చట పడునో చూడని పని యెంత చక్కనిదైనను చిక్కు తెచ్చును.

మా పిల్ల ఉద్యోగము మానలేదు. వెనుకకు పోయి మేనేజరుగారితో మొదట తన తప్పే చెప్పినదట. పిదప ఆ ప్రకటనలు ఎందులకని అడిగినదట. నెలదినముల వాదములో ఆ ప్రశ్న ఆమె ఒక్కమారైనను అడిగియుండలేదు. ఆ ప్రకటనల సొమ్ముతోనే మందులు ఇంటికి చేర్చు కూలి రోగులపై పడకుండ నున్నదని ఆయన చెప్పెను. ఆయనయు ఆ సంగతి అంతకుముందు చెప్పవలసినదని తోపక యుండెను. ఇద్దరును కలిసి వృద్ధులను కొందరిని పిలిపించి, వారిచేత యాప్ వాడించి, ప్రక్కన మౌనముగా కూర్చుండి చూచిరి. ఇప్పుడు ప్రకటన ఒక్కటియే, మందులు కొనుట ముగిసిన పిదప కనబడుచున్నది. బండిబొమ్మ క్రింద 'కొన్నవి' అని అక్షరములు వచ్చినవి. అయినను వారికి అన్నిటను పొత్తు కుదిరినదని మేమనము. మొన్ననే ఫోనులో, "ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నాం పిన్నీ, కానీ ఇప్పుడు మామ్మగారి గురించి పోట్లాడుకుంటున్నాం" అన్నది.

సోదరీమణులారా, మన బిడ్డలు పెక్కుమంది నేడు ఇట్టి కొలువులలో నున్నారు. వారు అలసి యింటికి వచ్చి, ఆ మాట అన్నారు, ఈ మాట అన్నారని చెప్పినప్పుడు, ఓర్చుకొమ్మనియు, వదలివేయుమనియు వెంటనే చెప్పకుడు. ఆ వస్తువు ఎవరికొరకో, వారి చేతికిచ్చి చూచితిరా యని యడుగుడు. వీలైనచో ఇంటిలోని పెద్దవారి చేతికే యిప్పించుడు. మా అత్తగారు మాత్రము తనవలన ఒక యుద్యోగము నిలిచినదని నేటికిని ఎరుగరు. నెలనెల మాత్రలు తామే తెప్పించుకొనుచున్నారు.