చలిరాత్రి పరుగు, పైకి పోని పొగ

డిసెంబరు నెల. రెండో షిఫ్టు దిగి ఇంటికి చేరినవారికి పరుగు తీయడానికి మిగిలేది రాత్రే. భిలాయి టౌన్‌షిప్‌లో సెక్టార్ల మధ్య రోడ్లు ఆ వేళకు ఖాళీ. చెమటా పట్టదు. ఇంతకంటే మంచి సమయం ఉండదనిపిస్తుంది. ఊపిరితిత్తుల లెక్క మాత్రం వేరు.

పగలు ఎండకు వేడెక్కిన నేల దగ్గరి గాలి తేలికై పైకి లేస్తుంది, పొగనూ తనతో తీసుకుపోతుంది. మబ్బులేని, గాలి వీచని చలిరాత్రి ఇది తిరగబడుతుంది. నేల తన వేడిని ఆకాశంలోకి వదిలి త్వరగా చల్లారుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. ఆ పైన వెచ్చని గాలి పొర గిన్నెమీద మూతలా నిలుస్తుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. కింద పుట్టిన పొగ కిందే ఉండిపోతుంది.

ఉక్కు నగరం కదా, అనుమానం ముందు చిమ్నీల మీదికే పోతుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచీ ఊరికి గుర్తు అవే. కానీ బాగా ఎత్తైన చిమ్నీ పొగ చాలాసార్లు ఈ మూతకు పైన విడుదలై, అక్కడే అడ్డంగా సాగిపోతుంది. రాత్రి పరుగెత్తేవారి ముక్కుకు ముందుగా తగిలేది నేలబారు పొగ. ఇక్కడివారు సిగ్డీ అనే బొగ్గుల కుంపటి, చలిమంట, తగలబెట్టిన చెత్త, లారీల పొగ అన్నమాట.

పోనీ తెల్లవారాక వెళ్దామా? పొద్దెక్కి నేల వేడెక్కుతుంటే మూత కింది నుంచి కరుగుతుంది. పైన నిలిచిన చిమ్నీ పొగ అప్పుడు కిందికి కలుస్తుంది. దీనికి ఫ్యూమిగేషన్ అని పేరు. పొద్దుటి గాలి ఎప్పుడూ స్వచ్ఛమేనన్న మన నమ్మకానికి ఇక్కడ దెబ్బ తగులుతుంది.

1948 అక్టోబరు చివర అమెరికాలోని డొనోరా అనే చిన్న ఊళ్లో ఇలాంటి మూత కొన్ని రోజులు తొలగలేదు. ఉక్కు, జింకు కర్మాగారాల పొగ నిలిచిపోయి 20 మంది చనిపోయారు, వేలమంది జబ్బుపడ్డారు. అది నదీలోయ, భిలాయి మైదానం. రెండూ ఒకటి కావు గాని, పొగను పట్టి ఉంచే సూత్రం ఒకటే.

ఊరికే కూర్చుంటే నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాం. జోరుగా పరుగెత్తితే అది 60 లీటర్లు దాటవచ్చు. పైగా నోటితో పీలుస్తాం కాబట్టి ముక్కు చేసే వడపోత తప్పిపోతుంది. 2.5 మైక్రాన్ల లోపు కణాలు ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. 24 గంటల సగటున ఇవి ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు మించరాదన్నది మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15 మాత్రమే. ఉబ్బసం ఉన్నవారికి చల్లని పొడిగాలే శ్వాసనాళాలను బిగదీస్తుంది.

వీలైతే మధ్యాహ్నం 3 తర్వాత, పొద్దు వాలేలోపు పరుగెత్తండి. షిఫ్టు కుదరనివ్వకపోతే కాస్త గాలి ఆడే రాత్రిని ఎంచుకోండి, లారీలు తిరగని వీధి చూసుకోండి. బయలుదేరే ముందు వీధి చివరి చలిమంటను ఒక్కసారి గమనించండి. పొగ పైకి లేచి చెదిరిపోతుంటే సరే. ఇంటి కప్పుల ఎత్తున ఆగి దుప్పటిలా పరుచుకుంటే, ఆ రాత్రికి ఇంట్లోనే వ్యాయామం చేసుకోండి.