గిటారుకు రెండు చెవులు

బడి వార్షికోత్సవంలో ఎవరో మైకు పట్టుకుని లౌడ్‌స్పీకరు ముందుకు నడవగానే, చెవులు చిల్లులు పడేలా 'కుయ్' మనడం మీరు వినే ఉంటారు. మైకులో పడిన చిన్న శబ్దాన్ని యాంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరుకు అందిస్తుంది. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులో పడి మరింత పెద్దదవుతుంది. ఇలా క్షణంలో ఎన్నోసార్లు తిరుగుతుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు.

గిటారు వాయించేవారికి ఈ బెడద మరీ ఎక్కువ. ఎందుకంటారా? సన్నని తీగ ఒక్కటే కంపిస్తే గాలిని ఏపాటి కదిలించగలదు? తీగ కంపనాలు బ్రిడ్జి ద్వారా పైపలకకు చేరి, ఆ పలకా, డొల్లలోని గాలీ కలిసి కంపిస్తేనే మనకు గట్టిగా వినిపిస్తుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలికినట్లు, ఈ డొల్లలోని గాలికీ ఇష్టమైన స్వరం ఒకటుంటుంది. పెద్ద గిటారులో అది సెకనుకు సుమారు 100 కంపనాల దగ్గర ఉంటుంది. గిటారు అయిదో తీగ సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. స్పీకరులోంచి ఆ ప్రాంతపు స్వరం వచ్చి తాకిందా, ఎవరూ మీటకపోయినా పెట్టె హోరెత్తిపోతుంది. ఇంట్లో గిటారుకు గొంతు ఇచ్చే డొల్లే వేదిక మీద దానికి శత్రువు!

అయితే డొల్ల లేకుండా చేస్తే? అమెరికాలో జార్జి బోషాంప్ రూపొందించిన ఎలక్ట్రిక్ గిటారు 1932లో అమ్మకానికి వచ్చింది. తీగల దగ్గర ఒక అయస్కాంతం, దాంతోపాటు సన్నని రాగితీగ చుట్ట ఉంటాయి. ఉక్కుతీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ఈ పరికరాన్ని పికప్ అంటారు. ఇది తీగ కదలికనే వింటుంది, గాలిలోని శబ్దాన్ని దాదాపు పట్టించుకోదు. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించిన ఎలక్ట్రిక్ మాండొలిన్‌కూ ఇదే ఆధారం. కాని చెక్క పలికే మాధుర్యం ఇందులో రాదు.

రెండో దారి 1880లో క్యూరీ సోదరులు చూపించారు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుంది. ఇదే పీజో ధర్మం. బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ కింద అలాంటి పదార్థం అమర్చితే, తీగల ఒత్తిడితోపాటు పలక కంపనమూ కొంత అందులోకి వస్తుంది. స్వరం చెక్కకు దగ్గరగా ఉంటుంది. గట్టిగా మీటితే మాత్రం కాస్త 'టకటక' మంటుంది.

ఈ రెండు చెవులూ ఉన్నదే హైబ్రిడ్ గిటారు. 1993లో వచ్చిన 'పార్కర్ ఫ్లై' ఇలాంటిదే. ఇక ఎన్నుకోవడం ఎలాగో చూద్దాం.

మొదట తీగలు చూడాలి. మామూలు గిటారు లావు తీగలకు ఉక్కు మీద కంచు చుట్టి ఉంటుంది. కంచును అయస్కాంతం ఆకర్షించదు. అందువల్ల అయస్కాంత పికప్‌కు లావు తీగలు నీరసంగా, చుట్టులేని సన్న తీగలు పెద్దగా వినిపిస్తాయి. నికెల్ పూత గల ఉక్కు చుట్టిన తీగలు వేస్తే ఈ తేడా పోతుంది, కాని కంచు మెరుపు తగ్గుతుంది. మీకు ఏది ముఖ్యమో ముందే తేల్చుకోవాలి.

తర్వాత, బయటికి వచ్చే దారులెన్ని? ఎలక్ట్రిక్ గిటారు యాంప్లిఫయరులోని స్పీకరు సుమారు 5,000 కంపనాలు దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. పీజో స్వరంలోని తళుకంతా అక్కడే ఉంటుంది. కనుక అయస్కాంత స్వరం ఆ యాంప్లిఫయరుకూ, పీజో స్వరం హాలులోని పెద్ద స్పీకర్లకూ విడివిడిగా పోయే ఏర్పాటు ఉంటే మంచిది. లేకుంటే రెండో చెవికి డబ్బు దండగే.

పలుచని పెట్టె తక్కువ హోరెత్తుతుంది, కాని కరెంటు లేనప్పుడు దాని గొంతు చిన్నది. దుకాణంలో మెల్లగా వాయించి చూసి కొనేయకండి. స్పీకరుకు ఎదురుగా నిలబడి, హాలులో ఎంత గట్టిగా కావాలో అంత గట్టిగా పెట్టి, అయిదో తీగ మీటి చూడండి.

అన్నట్టు, ఒంటరిగా పాటకు తోడు వాయించేవారికి హైబ్రిడ్ అక్కరలేదనే నా అభిప్రాయం. పీజో ఉన్న మామూలు గిటారు, దాని రంధ్రానికి ఒక రబ్బరు మూత చాలు. పీజోకు చాలా గిటార్లలో 9 వోల్టుల బ్యాటరీ కావాలి. అది నీరసిస్తే స్వరం బొంగురుపోతుంది. అందుకే కచేరీకి వెళ్ళేటప్పుడు జేబులో ఇంకొకటి ఉంచుకోండి.