డ్యూటీ లేని రోజుల్లో దగ్గు తగ్గుతోందా?

కిందటి చలికాలం మా ఆడపడుచు కొడుకు తరచూ మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఇక్కడ ఇంగ్లండ్‌లోనే మాస్టర్స్ పూర్తి చేసి, గ్రాడ్యుయేట్ వీసా మీద ఐటీ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. అది దొరికేదాకా ఏజెన్సీ ద్వారా ఒక బ్రెడ్ ఫ్యాక్టరీలో పిండి కలిపే దగ్గర పని. నాలుగు రాత్రులు డ్యూటీ, నాలుగు రోజులు సెలవు. వచ్చినప్పుడు దగ్గుతూ వచ్చేవాడు. రెండు రోజులు ఉండి వెళ్లేసరికి తేరుకునేవాడు. "మీ మిరియాల రసం తాగితే తగ్గిపోతుంది అత్తయ్యా" అనేవాడు. నేనూ మురిసిపోయేదాన్ని.

దగ్గు తగ్గిస్తున్నది నా రసం కాదు, ఆ సెలవు రోజులని నాకు తట్టడానికి మూడు నెలలు పట్టింది.

అప్పటికి వాడు జీపీ దగ్గరికి రెండుసార్లు వెళ్లొచ్చాడు. ఛాతీలో ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు, తర్వాత నీలం ఇన్హేలర్ ఇచ్చారు. "ఏం పని చేస్తున్నావో చెప్పావా?" అని అడిగితే తల దించుకున్నాడు. "ఉద్యోగం వెతుక్కుంటున్నానని చెప్పాను" అన్నాడు. పిండి బస్తాలు మోస్తున్నట్టు ఇంట్లో అమ్మానాన్నలకే చెప్పలేదు, ఇక డాక్టరుకేం చెబుతాడు? ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది అందుకే.

పనిచోట పీల్చే దుమ్ము, ఆవిరి వల్ల వచ్చే ఉబ్బసాన్ని ఆక్యుపేషనల్ ఆస్తమా అంటారు. ఇది కొత్త జబ్బేమీ కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే వృత్తుల వల్ల వచ్చే రోగాల మీద పుస్తకం రాసి, రొట్టెలు చేసేవాళ్ల ఊపిరి ఇబ్బంది గురించి చెప్పాడు. ఇప్పటికీ పెద్దయ్యాక ఉబ్బసం వచ్చినవాళ్లలో సుమారు ఆరుగురిలో ఒకరికి పనిచోటుతో సంబంధం ఉంటుందని వైద్యుల అంచనా.

నేను చదివింది మైక్రోబయాలజీ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గోధుమపిండిలోని ప్రోటీన్లు కొందరి శరీరానికి పడవు. దానికి తోడు బ్రెడ్ బాగా పొంగడానికి పిండిలో ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ కలుపుతారు. దాన్ని ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అనే బూజు నుంచి తీస్తారు. ఇది పిండికంటే ఇంకా ఎక్కువగా ఎలర్జీ తెప్పించగలదు. రోజూ పీలుస్తుంటే శరీరం వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుంది. దీనికి కొన్ని నెలలు పట్టొచ్చు, కొన్నేళ్లయినా పట్టొచ్చు. అందుకే "ఏడాదిగా ఇదే పని చేస్తున్నా, అప్పుడు రానిది ఇప్పుడెందుకు వస్తుంది?" అనుకుంటాం. ఒకసారి ఆ గుర్తు పడ్డాక మాత్రం కొంచెం దుమ్ము చాలు, గొట్టాలు బిగుసుకుపోతాయి.

ముందు తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద మొదలవుతాయి. తర్వాత దగ్గు, ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. పనిలో ఉండగానే రావాలని లేదు. డ్యూటీ దిగిన కొన్ని గంటలకు, పడుకున్నాక కూడా వస్తాయి. ఈ దేశపు చలి పడలేదని సరిపెట్టుకుంటాం.

డాక్టర్లు అడగాల్సిన ప్రశ్నలు రెండే. పని లేని రోజుల్లో తగ్గుతోందా? సెలవుపెట్టి ఊరెళ్తే తగ్గుతోందా? వాళ్లు అడగకపోతే మనమే చెప్పాలి. ఒక్కదానికైనా అవునని జవాబొస్తే, స్పెషలిస్టు దగ్గరికి పంపమని గట్టిగా అడగాలి.

రుజువుకి పీక్ ఫ్లో మీటర్ ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ గొట్టం, గట్టిగా ఊదితే అంకె చూపిస్తుంది. డ్యూటీ రోజులూ సెలవు రోజులూ కలిపి సుమారు నాలుగు వారాలు, రోజుకు కనీసం నాలుగుసార్లు ఊది రాసుకోవాలి. మావాడికి సెలవుల్లో 520 దాకా వచ్చేది, డ్యూటీ రాత్రుల్లో 390కి పడిపోయేది. ఆ కాగితం చూశాక క్లినిక్‌లో ఇంక వివరించాల్సిన పని లేకపోయింది. రక్తపరీక్షలో పిండికీ, అమైలేజ్‌కీ రెండింటికీ ఎలర్జీ ఉందని తేలింది.

ఒక జాగ్రత్త. అనుమానం రాగానే ఎవరికీ చెప్పకుండా మానేస్తే, తర్వాత పని వల్లే వచ్చిందని నిరూపించడం కష్టం. వీలైతే ముందు అంకెలు రాసుకుని డాక్టరుకు చూపించండి. అయితే ఆయాసం తీవ్రంగా ఉంటే రుజువు కోసం పనిలో ఆగొద్దు. ఒక్క వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఇన్హేలర్‌కి లొంగకపోయినా వెంటనే 999కి ఫోన్ చేయాలి.

మనం అడుక్కోనక్కర్లేదు, ఇక్కడి చట్టం మన వైపే ఉంది. హానికర పదార్థాలపై 2002 నాటి కాష్ నిబంధనల ప్రకారం దుమ్ము అదుపులో ఉంచే బాధ్యత యజమానిది. గాలిలో పిండి దుమ్ముకు ఎనిమిది గంటల సగటున ఘనమీటరుకు 10 మిల్లీగ్రాముల హద్దు ఉంది. అది దాటకపోతే చాలు అనుకోకుండా, వీలైనంత తగ్గించాలి కూడా. మిక్సర్లకు మూతలుండాలి, పొడి చీపురుతో ఊడ్చకూడదు, సరైన వ్యాక్యూమ్ వాడాలి. మామూలు నీలం మాస్కు ఈ దుమ్మును ఆపలేదు. డాక్టరు జబ్బు నిర్ధారించి రాసిచ్చాక, యజమాని దాన్ని హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్‌కు తెలియజేయాలి. వీసాతోపాటు హెల్త్ సర్‌చార్జ్ కట్టాం కాబట్టి జీపీ దగ్గరికి వెళ్లడానికి మొహమాటం అక్కర్లేదు.

పిండి ఒక్కటే కాదు. కార్లకు రంగు కొట్టే స్ప్రేలోని ఐసోసయనేట్లు, సెలూన్లలో జుట్టు బ్లీచింగ్ పొడి, సోల్డరింగ్ పొగ, చెక్కపొడి, క్లీనింగ్ స్ప్రేలు ఇవన్నీ ఈ కోవలోవే. గల్ఫ్ గ్యారేజీల్లో పెయింటింగ్ చేసే మన అన్నదమ్ములు, ఇక్కడ క్లీనింగ్‌కు వెళ్లే అక్కచెల్లెళ్లు కూడా పై రెండు ప్రశ్నలు వేసుకోండి.

ఎందుకింత తొందర అంటే, ఈ ఉబ్బసంలో కాలమే కీలకం. తొందరగా బయటపడితే పూర్తిగా కోలుకునే అవకాశం ఎక్కువ. అదే దుమ్ములో ఉంటూ ఇన్హేలర్ల మోతాదు పెంచుకుంటూ పోతే జబ్బు ముదురుతుంది. ఆ తర్వాత పని మానినా వదలదు. బయటపడిన వాళ్లలో కూడా పూర్తిగా నయమయ్యేది దాదాపు మూడో వంతు మందికే.

మావాడు ఆ పని మానేసి ఇప్పుడు బట్టల గోదాములో చేస్తున్నాడు. జీతం కాస్త తక్కువ, ఊళ్లో ఫీజు అప్పు ఇంకా తీరలేదు. గోధుమ రంగు ఇన్హేలర్ పొద్దున, సాయంత్రం వాడుతున్నాడు. మెట్లు మాత్రం ఆగకుండా ఎక్కుతున్నాడు. మూడు నెలల ముందే నోరు విప్పి ఉంటే ఆ ఇన్హేలర్ కూడా అక్కర్లేకపోయేదేమో అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

కష్టపడి చేసే పనిలో చిన్నతనం లేదు. ఊళ్లో చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. డాక్టరుకు మాత్రం చేసే పని ఉన్నదున్నట్టు చెప్పండి. మీ ఇంటికి భోజనానికి వచ్చే పిల్లల్లో ఎవరైనా దగ్గుతుంటే, రసం పోస్తూనే ఒక్క మాట అడగండి: "డ్యూటీ లేని రోజున ఎలా ఉంటోంది నాన్నా?"