కాంటనీసు భాషలో రూపవర్ణనపు పలుకుబళ్లు

దక్షిణ చీనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమునందును, హాంకాంగు, మకావు నగరములందును వ్యవహారములో నున్న కాంటనీసు భాషలో రూపసౌందర్యమును దెలుపు పలుకుబళ్లు రెండు తెగలు. చీనా భాషలన్నిటికి ఉమ్మడియైన గ్రంథస్థములు మొదటి తెగ. కాంటనీసు వాడుకలో వేళ్లూనినవి రెండవ తెగ. మొదటివానిని మాత్రమే గ్రహించినచో ఆ భాష నాడువారి సౌందర్యభావన సగమే తెలియునని మా అభిప్రాయము.

గ్రంథస్థములలో సుప్రసిద్ధమైనది స్త్రీని గూర్చినది: చేపలు మునుగును, అడవిబాతులు నేల వ్రాలును, చంద్రుడు దాగును, పువ్వులు సిగ్గుపడును. ఈ నాలుగింటిని వరుసగా సీషి, వాంగ్ జావ్‌జున్, ద్యావ్‌చాన్, యాంగ్ గ్వెఫెయ్ అను నలుగురు సుందరులకు అన్వయింతురు. మన ఆలంకారికుల పరిభాషలో ఇది ప్రతీపచ్ఛాయ; ఉపమానమే ఉపమేయము ముందు ఓడిపోవుచున్నది. పురుషుని 'పాన్ ఆన్ వంటి రూపము గలవా'డందురు. ఈతడు పశ్చిమ జిన్ వంశకాలపు కవి పాన్ యుఎ (247-300). ఈతడు వీధి వెడలినపుడు స్త్రీలు బండి నిండ పండ్లు విసరిరని ఐతిహ్యము.

రెండవ తెగకు ప్రాణము 'లెంగ్' అను మాట. ఇది రూపమునకే పరిమితము కాదు. మేలైన సూపును, తేయాకును సైతము 'లెంగ్' అనియే మెత్తురు. 'చింగ్ లెంగ్ బాక్ జెంగ్' యన లేతదనము, చక్కదనము, తెలుపు, శుభ్రత గల యువకుడు. 'సన్ గ్వాంగ్ గెంగ్ లెంగ్' యన మేను మెరయుచు మెడ చక్కగా నున్నదని పదార్థము. ఖరీదైన వేషధారణ భావార్థము. 'లెంగ్ బావ్ గెంగ్' యన అద్దము పగులునంతటి అందము. సంప్రదాయ మెరుగనివానికి ఇది నిందగా తోచవచ్చును. కాంటనీసున నిది స్తుతి.

'ఐదు తైల కొండను మించిన అందము' అనునది మరింత విచిత్రము. షాన్సీలోని బౌద్ధక్షేత్రమైన వూతాయ్ పర్వతము పేరునకు 'ఐదు వేదికల కొండ' యని అర్థము. వేదిక యను ఆ మాటయే ప్రసారకేంద్రమునకును చెల్లును. 1970 దశకమున హాంకాంగులోని బ్రాడ్‌కాస్ట్ డ్రైవ్ అను వీధిలో ఐదు రేడియో, టెలివిజన్ సంస్థలుండుటచే ఆ వీధికి శ్లేషగా ఈ పేరు వచ్చెను. అందొకటి 1978లో మూతపడినను పలుకుబడి నిలిచినది.

స్వరమును గమనింపవలెను. 'లెంగ్ జై' యని మధ్యస్వరమున బలికిన అందగాడు. 'లెంగ్'ను ఉచ్చస్వరమున బలికిన అనుభవము లేని కుర్రవాడని చులకన. అంగడివారు ముక్కుమొగము దెలియని గిరాకిని 'లెంగ్ నోయ్', అనగా అందగత్తె, యని పిలుతురు. అచట వర్ణన లేదు, మర్యాదయే కలదు.

కనుక పలుకుబళ్లను సేకరించువారు అర్థముతో తృప్తిపడక, ఎవరు, ఎవరితో, ఏ స్వరమున, ఏ తావున ననిరో వ్రాసికొనవలెను. తెలుగు పలుకుబళ్ల సేకరణమునకును ఈ నియమము వర్తించును.