సిగ్నల్ ఫుల్.. అయినా వీడియో ఆగిపోతోందా? చిక్కు మీ ఫోన్‌లో కాకపోవచ్చు!

గోదావరిఖని: షిఫ్ట్ దిగి ఇంటికొచ్చినవాళ్ల చేతిలో ఫోన్, పిల్లలకు ఆన్‌లైన్ క్లాస్, హాల్లో టీవీలో ఓటీటీ సినిమా. రాత్రయ్యిందంటే రామగుండం నుంచి మంథని దాకా చాలా ఇళ్లలో ఇదే సీన్. సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి.. వీడియో మాత్రం ఆగి ఆగి నడుస్తుంది. ఎందుకిలా?

గీతలు చెప్పేది సగమే

వైఫై గీతలు మీ ఫోన్‌కు, ఇంట్లో ఉన్న వైఫై పెట్టెకు మధ్య సిగ్నల్ ఎలా ఉందో మాత్రమే చెబుతాయి. అక్కడి నుంచి డేటా నెట్ కంపెనీ రూటర్‌కు, ఆపై పెద్ద లైన్లకు వెళ్లాలి. బొగ్గుబాయి లెక్క కూడా ఇదే. గనిలో ఎంత బొగ్గు తీసినా, సీహెచ్‌పీలో వ్యాగన్లు నిండే వేగాన్ని మించి రైలెక్కదు.

లెక్క ఇదీ

ఫుల్ హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ కావాలి. కంపెనీ రూటర్ నుంచి బయటికెళ్లే లైన్ 1 జీబీపీఎస్ అనుకుందాం. ఒకేసారి 200 వీడియోలు నడిస్తే అది నిండిపోతుంది. ఆ తర్వాత మీది 100 ఎంబీపీఎస్ ప్లాన్ అయినా అందరితో పాటు కోత తప్పదు. అందరూ ఒకేసారి వాడరన్న అంచనాతోనే కంపెనీలు కనెక్షన్లు ఇస్తాయి. కానీ వాడకం మారిపోయింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2014లో ఒక్కో మొబైల్ డేటా వినియోగదారు సగటు వాడకం నెలకు 62 ఎంబీ లోపే. పదేళ్లలో అది 20 జీబీ దాటింది.

రూటర్ మారిస్తే ఏమవుతుంది?

లైన్‌ను 10 జీబీపీఎస్‌కు పెంచితే 2,000 వీడియోలకు చోటు దొరుకుతుంది. చాలాసార్లు కొత్త కేబుల్ కోసం రోడ్డు తవ్వక్కర్లేదు. రెండు చివర్లలో పరికరాలు మారిస్తే అదే ఫైబర్ ఎక్కువ డేటా మోస్తుంది. అయితే పెద్ద రూటర్లకు మెమరీ కూడా ముఖ్యమే. 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ దారుల పట్టిక 5.12 లక్షలు దాటింది. అంతకు మించి గుర్తుపెట్టుకోలేని పాత రూటర్లు తడబడటంతో పలు దేశాల్లో నెట్‌కు అంతరాయం కలిగింది.

పల్లెలకూ ఇదే పరీక్ష

2024 డిసెంబర్‌లో మొదలైన టీ-ఫైబర్ పైలట్‌లో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ కూడా ఉంది. ఊరికి ఫైబర్ రావడం తొలి మెట్టు మాత్రమే. ఇళ్లు పెరిగేకొద్దీ వెనక ఉన్న రూటర్లూ పెరగాలి.

మీరేం చేయొచ్చు?

వైఫై పెట్టె పక్కనే నిలబడి తెల్లవారుజామున ఒకసారి, రాత్రి 9కి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయండి. ట్రాయ్ మైస్పీడ్ యాప్ కూడా వాడొచ్చు. రెండుసార్లూ స్లో అయితే ముందు ఇంట్లో పెట్టె, వైరు చూసుకోండి. రాత్రి మాత్రమే స్లో అవుతోందంటే కంపెనీ వైపు రద్దీ అయ్యుండే అవకాశమే ఎక్కువ. నాలుగు రోజుల స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు చేసి, నంబర్ తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పీల్ విభాగానికి వెళ్లొచ్చు. ఈలోగా ఇంకా పెద్ద ప్లాన్‌కు డబ్బు కడితే మాత్రం పెద్దగా ఫలితం ఉండదు.