ప్రాజెక్ట్ ఆన్‌లైన్ మూతపడేలోగా...

మైక్రోసాఫ్ట్ తన ప్రాజెక్ట్ ఆన్‌లైన్ సేవకు 2026 సెప్టెంబరు 30ని చివరి రోజుగా ప్రకటించింది. సంస్థలు సొంత సర్వర్లలో నడుపుకొనే ప్రాజెక్ట్ సర్వర్ 2016, 2019 వెర్షన్లకు మద్దతు గడువు అదే ఏడాది జులై 14. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలి, ఎవరి చేతిలో ఎన్ని పనులున్నాయి, ఖర్చు ఎంతదాకా వచ్చింది వంటి లెక్కలన్నీ వీటిలోనే దాచుకున్న కంపెనీలూ ప్రభుత్వ శాఖలూ ఎన్నో ఉన్నాయి. వాటికి కొత్త వ్యవస్థలోకి మారక తప్పదు. ఈ మార్పును ఐటీ విభాగం సొంత వ్యవహారంగా వదిలేయకూడదు. దీన్నే ఒక ప్రాజెక్టుగా తీసుకుని గడువు, బడ్జెట్, బాధ్యుడు ఎవరన్నది ముందే తేల్చుకోవాలి.

ఎటు వెళ్లాలి?

సమాచారం సొంత సర్వర్లలోనే ఉండాలనుకునే సంస్థలకు ప్రాజెక్ట్ సర్వర్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ ఉంది. ఇది షేర్‌పాయింట్ సర్వర్‌తో కలిసి పనిచేస్తుంది కాబట్టి దాన్ని నడపగల సిబ్బంది ఉండాలి. బ్రౌజర్‌లోనో టీమ్స్‌లోనో పని సాగిపోతే చాలనుకునేవారికి ప్లానర్ ప్రీమియం ప్లాన్లు సరిపోవచ్చు. క్లయింట్లకు పనిగంటల లెక్కన బిల్లు వేసే కంపెనీలు డైనమిక్స్ 365 ప్రాజెక్ట్ ఆపరేషన్స్‌ను పరిశీలించవచ్చు. భారీ నిర్మాణ రంగంలో ఒరాకిల్ వారి ప్రైమావెరా పీ6 వాడకం ఎక్కువ. పేరు చూసి ఎంచుకోవడం కన్నా, రోజూ తప్పనిసరిగా కావలసిన పదిపన్నెండు పనులు రాసుకుని, ఏది వాటిని చేయగలదో చూడటం మేలు.

వెర్షన్లు వదిలేస్తూ పోతే దారి పొడవవుతుంది. ప్రాజెక్ట్ సర్వర్ 2003 నుంచి 2010కి నేరుగా వెళ్లే వీలు లేదు. మధ్యలో 2007 మీదుగా వెళ్లాల్సిందే. 2010లో నాలుగు డేటాబేసుల్లో ఉన్న సమాచారం 2013కి వచ్చేసరికి ఒక్కదానిలోకి చేరింది. అందుకే పాత వ్యవస్థ ఏ వెర్షన్‌లో ఉందో తెలుసుకోవడం మొదటి పని.

ముందు లెక్క తేల్చాలి

నడుస్తున్న ప్రాజెక్టులు ఎన్ని, ముగిసినవి ఎన్ని, ఏ నివేదికలను ఎవరు చూస్తున్నారు, పేరోల్‌తోనో ఎస్ఏపీతోనో ముడిపడినవి ఏవి అన్నది జాబితా వేయాలి. ఏళ్ల తరబడి ఎవరో ఒకరు జోడిస్తూ వచ్చిన కస్టమ్ ఫీల్డులు చాలాచోట్ల కుప్పలుగా పేరుకుని ఉంటాయి. ఎవరూ నింపని వాటిని కొత్తదానిలోకి మోసుకెళ్లనక్కర్లేదు. ముగిసిన ప్రాజెక్టులను మాత్రం చెరిపేయకూడదు. ఆడిట్‌కో, కాంట్రాక్టు వివాదానికో రేపు అవసరం పడొచ్చు; విడిగా ఆర్కైవ్ చేయాలి. పెండింగులో ఉన్న టైమ్‌షీట్లను ఆమోదించి, ఎడిటింగ్ కోసం తెరిచి ఉంచిన ప్రాజెక్టులను చెక్-ఇన్ చేయించాలి.

తేదీలు ఎక్కడ తప్పుతాయి?

ఎక్కువ చిక్కులు క్యాలెండర్‌తోనే వస్తాయి. సోమవారం మొదలయ్యే 12 పనిదినాల పనిని తీసుకుందాం. వారానికి ఆరు రోజులు పనిచేసే సైట్‌లో అది రెండో వారం శనివారానికి పూర్తవుతుంది. శనివారాన్ని సెలవుగా లెక్కించే డిఫాల్ట్ క్యాలెండర్ కొత్త వ్యవస్థలో అలాగే ఉండిపోతే, అదే పని మూడో వారం మంగళవారానికి జరుగుతుంది. దాని మీద ఆధారపడిన పనులూ వరసగా వెనక్కి పోతాయి. సైట్‌లో ఏ ఆలస్యమూ జరగకపోయినా తెర మీద ప్రాజెక్టు ఆలస్యమైనట్టే కనిపిస్తుంది. పండుగ సెలవులు, షిఫ్టులు, ఒక్కో ఉద్యోగి పనిగంటలు సరిగ్గా వచ్చాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూడాలి.

అందుకే ముందు నకలు డేటాతో ట్రయల్ నడపాలి. చిన్నది, పెద్దది, బాగా చిక్కుముడులున్నది అని మూడు రకాల ప్రాజెక్టులను ఎంచుకుని ముగింపు తేదీ, మొత్తం పనిగంటలు, ఖర్చు, బేస్‌లైన్‌లను పాతవాటితో పోల్చాలి. తేడా వస్తే కారణం దొరికేదాకా ముందుకు వెళ్లకూడదు. ఈ పోలికను ఆ ప్రాజెక్టు మేనేజరే చేయాలి, ఎందుకంటే ఏ తేదీ తప్పో చూడగానే పట్టుకోగలిగేది ఆయనే.

మారే రోజు

నెలాఖరు, బిల్లింగ్ రోజులు కాకుండా పని పలచగా ఉండే వారాంతం చూసుకోవాలి. ఆ సమయంలో పాతదానిలో ఎవరూ మార్పులు చేయకుండా ఆపాలి. కొత్తది మొరాయిస్తే ఏ గంటలోపు వెనక్కి మళ్లాలో, ఆ నిర్ణయం ఎవరిదో ముందే రాసి పెట్టుకోవాలి. సిబ్బందికి శిక్షణ మరీ ముందుగా ఇస్తే మరిచిపోతారు. మారడానికి ఒకటి రెండు వారాల ముందు, వాళ్ల సొంత ప్రాజెక్టుల మీదే ఇవ్వాలి. మొదటి వారాల్లో అడగ్గానే సాయం దొరకకపోతే జనం మళ్లీ ఎక్సెల్ షీట్లకు మళ్లిపోతారు.

మైగ్రేషన్ విజయానికి కొలమానం డేటా కాపీ అవడం కాదు. మారిన నెల తర్వాత మేనేజర్లు కొత్త వ్యవస్థలోని తేదీలను నమ్మి నిర్ణయాలు తీసుకుంటున్నారా అన్నదే అసలు పరీక్ష. ఆ నమ్మకం కుదరాలంటే లెక్క తేల్చే పనిని గడువు మీదికి వచ్చేదాకా వాయిదా వేయకూడదు.